గడ్డిలో లూసర్న్ కలిపి 14 నెలలు, ఆకులింకా పసుపే. తప్పు పరిశోధనదా, నా పొలానిదా?

పచ్చికబయలు
ఆరెకరాల మేత భూమి ఉంది నాకు. ఏళ్ల తరబడి ఒట్టి గడ్డే. కోతకోతకీ యూరియా వేయకపోతే లేవదు. పప్పుజాతి మేత కలిపితే గాలిలోని నత్రజనిని అదే పట్టుకుంటుందని, టన్ను ఎండుమేతకు 20 నుంచి 25 కిలోల దాకా నత్రజని వస్తుందని పరిశోధన పత్రాల్లో చదివీ చదివీ చివరికి ధైర్యం చేసి లూసర్న్ కలిపాను. చెప్పిన మోతాదులో విత్తనం, దానికి రైజోబియం కల్చర్ (వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా), భాస్వరం కోసం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. దేనికీ లోటు చేయలేదు.

మొలక చూసి మురిసిపోయాను. నెలన్నర తిరిగేసరికి ఆకులు పాలిపోయాయి. ఇప్పటికి 14 నెలలు. మొక్క చావదు, ఎదగదు. ఉండబట్టలేక ఒక పట్టీలో యూరియా చల్లితే పది రోజుల్లో అక్కడ నిగనిగలాడింది. యూరియా ఎలాగూ వేయాల్సిందే అయితే ఈ పంట నాకెందుకు? పైగా మట్టి పరీక్ష రెండుచోట్ల చేయిస్తే ఒకరు భాస్వరం తక్కువ అన్నారు, ఒకరు సరిపోతుందన్నారు. ఎవరిని నమ్మాలి? నిజంగా నిద్రపట్టడం లేదు.

నాగలిచాలు
పరిశోధకుల మళ్లు వేరు, మన పొలాలు వేరు. ఇలాంటి వైఫల్యాలు మూడు నేనే చూశాను. అక్కడ చదునైన నేల, వేళకు నీళ్లు, కలుపు తీయడానికి మనుషులు. ఆ మడిలో వచ్చిన అంకెను పట్టుకుని మనం ఎకరాలకెకరాలు దిగితే ఇలాగే అవుతుంది. మీ తప్పేం లేదు.

వేరుబుడిపె
తీర్పు తర్వాత చెబుదాం. ముందు ఒక మొక్క తవ్వి వేరు చూశారా?

ఎడ్లబండి
గంధకం లోపం కూడా అయి ఉండొచ్చు. పసుపు లేత ఆకుల్లో మొదలైందా, అడుగు ఆకుల్లోనా? గంధకమైతే లేతవి ముందు, నత్రజని అయితే ముదురువి ముందు.

పచ్చికబయలు
అడుగు ఆకులే ముందు. వేరు చూడలేదండి, ఆ ఆలోచనే రాలేదు.

చినుకు_చినుకు
ఎడ్లబండి అన్నా, ఆయన సింగిల్ సూపర్ వేశారుగా. అందులో గంధకం 11 శాతం దాకా ఉంటుంది. ఆ అనుమానం పక్కన పెట్టేయొచ్చు.

ల్యాబ్_కిటికీ
మట్టి పరీక్షలు చేసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఆ రెండు రిపోర్టుల సంగతి చెబుతాను. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు. అందులోంచి మీరు నాకు తెచ్చేది అరకిలో. దాన్ని ఆరబెట్టి, దంచి, జల్లించి భాస్వరం పరీక్షకు నేను తీసుకునేది రెండున్నర గ్రాములు. సేంద్రియ కర్బనానికైతే ఒక గ్రాము, ఒక్కోసారి అర గ్రామే. బల్ల మీద వాచ్‌గ్లాసులో పెడితే చిటికెడు నశ్యంలా ఉంటుంది. ఆ చిటికెడు మట్టి మీ ఆరెకరాల తరఫున మాట్లాడాలి. అందుకే నమూనా సరిగ్గా తీయకపోతే ల్యాబ్‌లో ఎంత జాగ్రత్త పడినా లాభం లేదు.

రెండోది, భాస్వరం కొలిచే పద్ధతులు ఒకటి కాదు. ఆమ్ల నేలలకు బ్రే పద్ధతి, తటస్థ, క్షార నేలలకు ఓల్సెన్ పద్ధతి. రెండూ వేర్వేరు ద్రావణాలతో భాస్వరాన్ని బయటికి లాగుతాయి, అంకెలు కలవవు. ఒకదాని అంకెను రెండోదాని పట్టికలో పెట్టి చదివితే తక్కువ కాస్తా ఎక్కువైపోతుంది. మీ రిపోర్టుల్లో పద్ధతి పేరు ఉందా? నేల పులుపు చెప్పే పీహెచ్ ఎంత? నమూనా ఎన్నిచోట్ల తీశారు?

పచ్చికబయలు
ఇప్పుడే వెతికి చూశాను. ఒకదాంట్లో ఓల్సెన్ అని ఉంది, రెండోదాంట్లో బ్రే. రిపోర్టులు వచ్చి ఇన్నాళ్లయినా ఆ మాట నా కంట పడలేదు! పీహెచ్ మాత్రం రెండింట్లోనూ దగ్గరదగ్గరగా ఉంది, 5.4, 5.5. నమూనా నాలుగుచోట్ల తీశాను, గేటు దాటాక కుడివైపున.

ల్యాబ్_కిటికీ
గేటు దగ్గరా! పశువులు గుమిగూడేది అక్కడే కదండీ. మేసిన నత్రజనిలో మూడొంతులకు పైగా పేడ, మూత్రం రూపంలో మళ్లీ నేలకే పోతుంది. కానీ పొలమంతా సమంగా పడదు. గేటు, నీళ్ల తొట్టి, చెట్టు నీడ, ఈ మూడుచోట్లా సగం పొలం సారం పోగుపడుతుంది. మేత భూమిలో కనీసం 15, 20 చోట్ల తీయాలి, ఈ మూడింటికీ దూరంగా. పేడకడి కనిపిస్తే పక్కకు జరగాలి. దున్నని పచ్చిక అయితే పై 7 నుంచి 10 సెంటీమీటర్ల మట్టి చాలు.

అయినా 5.4 చూశాక భాస్వరం గొడవ నాకు చిన్నదనిపిస్తోంది. లూసర్న్‌కు 5.4 అంటే కష్టం, అంత పులుపు తట్టుకోదు.

గోధూళి
ఒక ప్రశ్న అడుగుతాను. ఆవులు మూత్రం పోసిన చోట లూసర్న్ ఎలా ఉంది?

పచ్చికబయలు
గోధూళి గారూ, మీరు నా పొలం చూసినట్టే అడిగారు. అక్కడక్కడా చాప వెడల్పు మచ్చలు, ముదురు ఆకుపచ్చగా, మోకాలెత్తు. చుట్టూ అంతా పసుపు, జానెడు. విత్తనం బాగా పడిన చోట్లు అనుకున్నాను ఇన్నాళ్లూ.

గోధూళి
అవి విత్తనం మచ్చలు కావు. ఆవు ఒకసారి మూత్రం పోస్తే ఆ కొంచెం మేరలో పడే నత్రజనిని హెక్టారుకు లెక్కగడితే 500 నుంచి 1000 కిలోలు అవుతుంది. గడ్డి పచ్చబడటం మామూలే. కానీ బుడిపెలు పనిచేస్తున్న పప్పుజాతి మొక్కకు ఆ మూత్రంతో పనే లేదు, లోపలా బయటా ఒకేలా ఉండాలి. మీ లూసర్న్ దానికోసం కాచుకుని ఉందంటే అర్థం ఒక్కటే: అది గాలి నుంచి ఏమీ తీసుకోవడం లేదు. మీ యూరియా పట్టీ చెప్పిందీ అదే.

వేరుబుడిపె
అందుకే వేరు చూడమన్నది. పీకొద్దు, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. మొక్క చుట్టూ జానెడు దూరంలో పార దింపి, మట్టిగడ్డతో సహా పైకి లేపండి. బకెట్ నీళ్లలో అరగంట నాననిచ్చి చేత్తో మెల్లగా కడగండి. కాండం మొదట్లో, తల్లివేరు మీద, ఎన్ని బుడిపెలు, ఎంత లావు చూడండి. తర్వాత గోటితో చీల్చండి. లోపల లేత గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టు. మన రక్తానికి రంగునిచ్చే పదార్థానికి తోబుట్టువు లాంటిది అందులో ఉంటుంది, లెగ్‌హీమోగ్లోబిన్. తెల్లగా ఉంటే పనికిరానివో ఇంకా లేతవో. ఆకుపచ్చగా, గోధుమరంగుగా ఉంటే అయిపోయినవి.

పసుపు చోట ఆరు, పచ్చమచ్చల్లో ఆరు తవ్వి చెప్పండి.

పచ్చికబయలు
పొద్దున్నే తవ్వాను, 12 మొక్కలు. కడిగి గోనెపట్టా మీద వరసగా పేర్చి భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. పసుపు చోటివి ఆరింట్లో నాలుగింటికి ఒక్క బుడిపె లేదు. తల్లివేరు నున్నగా ఉంది, అదీ బెత్తెడు దిగాక పక్కకు తిరిగిపోయింది. మిగతా రెండింటికి సన్న పిల్లవేళ్ల మీద గసగసాలంత తెల్లటివి ఏడెనిమిది. చీలిస్తే లోపలా తెలుపే. పచ్చమచ్చల్లోవి ఏపుగా ఉన్నాయి గానీ వాటికీ బుడిపెల్లేవు.

ఒక్క మొక్కకు మాత్రం, కంచె పక్కన పాత బూడిద పోసిన చోట, కాండం మొదట్లో గుత్తిగా అయిదు. చీల్చాను. గులాబీ రంగు! మా అమ్మాయిని పిలిచి చూపించాను. 14 నెలల్లో మొదటిసారి సంతోషమేసింది.

వేరుబుడిపె
బూడిద పక్కన! అంటే నేల పులుపు తగ్గిన చోట. ఇంతకంటే స్పష్టంగా ఏ ల్యాబూ చెప్పదు.

ల్యాబ్_కిటికీ
ఒప్పుకుంటాను, ఈ ఒక్కసారికి :) వేరు పక్కకు తిరగడం కూడా గమనించండి. పీహెచ్ 5.5 కన్నా దిగితే మట్టిలో అల్యూమినియం కరిగి వేరు కొనను మాడుస్తుంది. కింద మట్టి పొర గట్టిపడి కూడా అలా తిరగొచ్చు. అక్కడ ఒక గుంత తీసి చూడండి.

నాగలిచాలు
సరే, వేరు సంగతి తేలింది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆయన కల్చర్ పట్టించారు, సిఫారసు పాటించారు. అయినా బుడిపె రాలేదంటే ఆ సిఫారసు ఎవరికోసం రాసినట్టు?

చినుకు_చినుకు
కల్చర్ లూసర్న్‌దేనా? ఒక పంట కల్చర్ ఇంకోదానికి పనికిరాదు. లూసర్న్‌కు మెలిలోటి రకం కావాలి, క్లోవర్ అనే పప్పుజాతి మేతకు వేరే, అలసంద గుంపుకు వేరే. అదీగాక లూసర్న్ బాక్టీరియా వీటన్నిట్లో పులుపును తట్టుకోలేని రకం.

పచ్చికబయలు
లూసర్న్ దేనండి, ప్యాకెట్ మీద గడువు కూడా ఉంది. విత్తనానికి బెల్లం నీళ్లతో పట్టించాను. విత్తనం మరీ సన్నం కదా, చల్లడానికి సమంగా రావాలని సూపర్ ఫాస్ఫేట్‌లో కలిపి డ్రమ్ములో పెట్టుకున్నాను. మర్నాడు చల్లాను.

వేరుబుడిపె
అయ్యో. రాత్రంతా సూపర్‌లోనా?

గోధూళి
దొరికింది.

వేరుబుడిపె
సూపర్ ఫాస్ఫేట్ పుల్లటిది. తడి విత్తనానికి అంటుకున్న బాక్టీరియాను అది రాత్రికి రాత్రే చంపేస్తుంది. తెల్లారేసరికి మీ డ్రమ్ములో ఉన్నది విత్తనం, బెల్లం, ఎరువు, అంతే. ఆమ్ల నేలల్లో విత్తనానికి కల్చర్ పట్టించాక పైన మెత్తటి సున్నపురాయి పొడి పూత వేసే పద్ధతిని ఆస్ట్రేలియాలో వాడకంలోకి తెచ్చింది ఇందుకే. ఆ పూత ఎరువు పులుపునూ నేల పులుపునూ కొన్నాళ్లు అడ్డుకుంటుంది. కాల్చిన సున్నం మాత్రం వాడకూడదు, ఆ ఘాటుకు బాక్టీరియా బతకదు.

పచ్చికబయలు
నాకిచ్చిన కరపత్రంలో "విత్తనానికి కల్చర్ పట్టించి, సూపర్ ఫాస్ఫేట్ వేసి విత్తుకోవాలి" అని ఒకే వాక్యంలో ఉంది. విడివిడిగా అని లేదు. పీహెచ్ ఊసే లేదు.

నాగలిచాలు
చూశారా! నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే. కనిపెట్టినవాళ్లకు షరతులన్నీ తెలుసు. పత్రికలో వాటిలో సగం మిగులుతాయి. కరపత్రానికి వచ్చేసరికి ఒక్క వాక్యం. రైతు చేతికి చేరేది ఆ ఒక్క వాక్యమే. నష్టపోయేది ఆయన.

వేరుబుడిపె
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ మీ మొదటి మాటతో కాదు. పప్పుజాతికి నత్రజని ఎక్కడినుంచి వస్తుందో తెలియక మనుషులు కొన్ని వందల ఏళ్లు తలలు పట్టుకున్నారు. 1886లో హెల్‌రీగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇసుక కుండీల్లో పెంచి తేల్చాడు: నత్రజని లేని, సూక్ష్మజీవులు లేని ఇసుకలో బఠాణీ కూడా పప్పుజాతి కాని వోట్స్‌లాగే ఆకలితో మాడింది. పొలం మట్టి కలిపిన నీళ్లు కాస్త పోస్తే బఠాణీకి బుడిపెలొచ్చి లేచింది, వోట్స్ లేవలేదు. రెండేళ్లకు బైయరింక్ ఆ బాక్టీరియాను విడదీశాడు. పచ్చికబయలు గారు పొద్దున గోనెపట్టా మీద చేసింది దాదాపు అదే ప్రయోగం. అది తప్పని ఎలా అంటాం?

నాగలిచాలు
అది తప్పని నేననలేదు. దాన్ని నా దాకా తెచ్చే దారి తప్పంటున్నాను.

మేతచేను
ఇంత గొడవెందుకు, మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం చల్లండి. నత్రజని పట్టే ఎంజైములోనే అది ఉంటుంది. 1942లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఆండర్సన్ అనే ఆయన క్లోవర్ పచ్చికల మీద ఎకరాకు గ్రాముల లెక్కన వేస్తే పాలిపోయిన పొలాలు లేచి కూర్చున్నాయి. పుల్లటి నేలల్లో ఈ లోపం మామూలు.

ల్యాబ్_కిటికీ
ఆయనకు బుడిపెలే లేవు. పొయ్యే వెలగనప్పుడు ఉప్పు గురించి ఎందుకు? పైగా పులుపు తగ్గడానికి సున్నం వేస్తే మట్టిలో బిగిసి ఉన్న మాలిబ్డినం తనంతట తనే విడుదలవుతుంది.

దూడలగంట
నేను పశువుల వైద్యం చూసేవాణ్ణి, ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. మాలిబ్డినం అనగానే ఆగలేకపోయాను. దయచేసి ఉజ్జాయింపుగా చల్లొద్దు. ఇంగ్లండ్‌లో సోమర్సెట్ ప్రాంతంలో "టీర్ట్" అనే పచ్చికలుండేవి. చూడ్డానికి పచ్చగా కళకళలాడేవి. అందులో మేసిన ఆవులు ఆగకుండా పారుకునేవి, చిక్కి శల్యమయ్యేవి, వెంట్రుక రంగు వెలిసిపోయేది. 1930ల చివర్లో తేలిందేమిటంటే ఆ గడ్డిలో మాలిబ్డినం మితిమీరి ఉంది, అది పశువుకు రాగి అందకుండా చేస్తోంది. రాగి ఇస్తే కుదురుకున్నాయి. మొక్కకు మందైనది ఆవుకు విషమైంది. పొలం దగ్గర ఆగిపోయి ఆలోచిస్తే చాలదు, పొట్ట దాకా వెళ్లి ఆలోచించాలి.

దీనికి తిరగేసిన కథ కోబాల్ట్‌ది. ఆస్ట్రేలియా తీరంలో మోకాళ్ల లోతు పచ్చికలో నిలబడి గొర్రెలు ఆకలితో చచ్చినట్టు చచ్చేవి. ఇనుము లోపమనుకున్నారు, ఎందుకంటే ఒక రకం ఇనుప ఖనిజం పెడితే కోలుకునేవి. 1935లో అండర్‌వుడ్, ఫిల్మర్ ఆ ఖనిజాన్ని భాగాలుగా విడదీసి ఒక్కొక్కటీ తినిపిస్తూ వెళ్తే బాగుచేసింది ఇనుము కాదు, అందులో కల్తీగా ఉన్న ఇసుమంత కోబాల్ట్! అదే ఏడాది మార్‌స్టన్, లైన్స్ కూడా వేరే దారిలో అక్కడికే వచ్చారు. 1948లో బి12 విటమిన్‌ను విడదీసినప్పుడు దాని మధ్యలో కోబాల్ట్ కనిపించాక గానీ కారణం పూర్తిగా బోధపడలేదు. నెమరువేసే పశువుకు ఆ విటమిన్ చేసిపెట్టేది పొట్టలోని సూక్ష్మజీవులే, వాటికి ముడిసరుకు కోబాల్ట్. తర్వాత కోబాల్ట్ గుండు తయారుచేసి గొర్రెకు మింగించేవారు. అది లోపలే ఉండి నెలల తరబడి మెల్లగా కరిగేది.

ఎడ్లబండి
గుండు మింగి బతికిన జీవి గొర్రె ఒక్కటే అన్నమాట.

దూడలగంట
:) ఇంకా ఉంది. గుండు మీద పెచ్చు కట్టకుండా, ఒరుసుకుపోవడానికి చిన్న ఇనుప మర కూడా తోడుగా మింగించేవారు.

సుబాబుల్_నీడ
పొట్టలో సూక్ష్మజీవుల మాట వచ్చింది కాబట్టి మా చెట్టు సంగతి. సుబాబుల్‌లో మైమోసిన్ ఉంటుంది. పశువు పొట్టలో అది విరిగి థైరాయిడ్‌ను దెబ్బతీసే పదార్థం అవుతుంది. ఆస్ట్రేలియాలో అది మేసిన పశువులకు గొంతు వాచేది, వెంట్రుకలు ఊడేవి. హవాయిలో మేకలు అదే ఆకు కడుపునిండా తిని హాయిగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆ మేకల పొట్టలో ఏదో ఉందని పట్టుకున్నాడు. 1980ల మొదట్లో ఆ సూక్ష్మజీవుల్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. పనిచేసింది. ఒక పశువుకు ఎక్కిస్తే మంద మొత్తానికీ అంటుకుంది. ఆ బాక్టీరియాకు ఆయన పేరే కలిసొచ్చేలా సినర్జిస్టెస్ జోన్సీ అని పెట్టారు. విత్తనానికి కల్చర్ పట్టించినట్టే ఆవుకు కల్చర్ పట్టించడం!

గోధూళి
పచ్చికబయలు గారి దగ్గరికి తిరిగొద్దాం. మీ పశువుల్ని ఎలా మేపుతున్నారు? ఒకేచోట వదిలేస్తున్నారా, మళ్లు మార్చి మేపుతున్నారా? మార్చి మేపితే నేల తనే బాగుపడుతుంది.

ల్యాబ్_కిటికీ
గోధూళి గారూ, ఆ చివరి మాట దగ్గర ఆగాలి. 2008లో బ్రిస్కీ, ఆయన తోటి శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన మేత ప్రయోగాలన్నీ ముందేసుకుని చూస్తే మార్చి మేపినా, ఒకేచోట మేపినా చాలావాటిలో మేత దిగుబడిలోనూ పశువు ఎదుగుదలలోనూ తేడా కనిపించలేదు. అసలు తేడా తెచ్చేది ఎన్ని పశువులు మేశాయన్నదే.

గోధూళి
అది సహజ గడ్డిభూముల లెక్క. పైగా ఆ ప్రయోగాల్లో తేదీ ప్రకారం మళ్లు మార్చారు. నేను తేదీ చూసి మార్చను, గడ్డి చూసి మారుస్తాను. 11 ఏళ్లుగా అదే చేస్తున్నాను. బోసినేల తగ్గింది, నా కళ్లతో చూశాను.

ల్యాబ్_కిటికీ
మీరు చూసింది కాదనను. పక్కనే పాతపద్ధతిలో వదిలిన మడి ఉందా పోల్చడానికి?

గోధూళి
లేదు. ఉంచాల్సింది.

మేతచేను
లూసర్న్ వరకు ఇద్దరూ ఒకటే కదండీ. ఒకసారి మేశాక అయిదారు వారాలు విడుపు ఇవ్వకపోతే వేరులో దాచుకున్న పిండిపదార్థం అయిపోయి మొక్క చస్తుంది. అందులో వాదమేముంది.

పాతమడి
సున్నం గురించి ఒక మాట. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో పార్క్ గ్రాస్ అనే గడ్డిమైదానం ఉంది, 1856 నుంచి ప్రతి మడికీ ఏటా అదే ఎరువు, ఇప్పటికీ నడుస్తోంది. ఏమీ వేయని మడిలో నలభై దాకా జాతుల మొక్కలు. ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ సున్నం వేయని మడిలో నేల పులిసి పులిసి రెండు మూడు జాతుల గడ్డి మిగిలింది. పైన చావు గడ్డి కుళ్లకుండా చాపలా పేరుకుపోయింది, వానపాములు లేక. నత్రజని వేయకుండా భాస్వరం, పొటాష్ మాత్రం వేసిన మడిలో పప్పుజాతి మొక్కలు విరగబడి పెరిగాయి. పచ్చికబయలు గారు ఏళ్ల తరబడి యూరియా వేశానన్నారు చూడండి, 5.4కు దారి అక్కడినుంచే పడి ఉంటుంది. యూరియా సల్ఫేట్ అంత గట్టిగా పులియబెట్టదు, కానీ పులియబెడుతుంది.

నాగలిచాలు గారికి: ఇదీ పరిశోధనా కేంద్రమే. కానీ ఇందులో కరపత్రం ఏమీ లేదు, 160 ఏళ్లకు పైగా ఓపిక ఉంది.

నాగలిచాలు
దీనికి నేను దణ్ణం పెడతాను. ఇలాంటిది కావాలి.

పచ్చికబయలు
నిర్ణయించుకున్నాను. ఆరెకరాలూ దున్నను. ఒక ఎకరంలో పట్టీలు వేస్తాను: సున్నం, కల్చర్, సున్నం+కల్చర్. కల్చర్ విత్తనానికి సున్నపురాయి పూత. సూపర్ ముందే దుక్కిలో, విడిగా. ఎలా ఉంది?

పాతమడి
నాలుగోది మరిచారు: ఏమీ లేని పట్టీ. దాన్నీ మిగతావాటితోపాటే దున్ని విత్తండి, సూపర్ కూడా అంతే వేయండి. లేకపోతే తేడా సున్నానిదో దుక్కిదో తెలియదు. ఒక్కోటి మూడుచోట్ల వేయండి, మొత్తం 12. ఏ పట్టీ ఎక్కడన్నది మీరు ఎంచొద్దు, చీటీలు తీయండి. మనసు మంచి నేలను మనకిష్టమైన దానికే ఇచ్చేస్తుంది. 1919లో రోథామ్‌స్టెడ్‌లో చేరిన ఫిషర్ అనే గణితవేత్త పొలం ప్రయోగాల్లోకి తెచ్చిన పద్ధతి ఇది.

ల్యాబ్_కిటికీ
సున్నపురాయి పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది. పైన చల్లి వదిలేస్తే కిందికి దిగడానికి ఏళ్లు పడుతుంది, దుక్కిలో కలపండి. విత్తడానికి ముందు రెండు నెలలైనా ఆగండి. మోతాదు ఎవరో చెప్పింది వేయకండి, మట్టిని బట్టి మారుతుంది. సున్నం అవసరం పరీక్ష అడిగి చేయించుకోండి. ఈసారి 20 చోట్ల నమూనా!

*(నాలుగు నెలల తర్వాత)*

పచ్చికబయలు
చెప్పినట్టే 12 పట్టీలు వేశాను. చీటీలు మా అమ్మాయి తీసింది. విత్తి ఏడు వారాలు. నిన్న, ఇవాళ తవ్వాను, పట్టీకి పది మొక్కల చొప్పున.

సున్నం వేసిన చోట పీహెచ్ 6.1కి వచ్చింది. గేటు దగ్గరివి పక్కనపెడితే, సున్నం+కల్చర్ పట్టీల్లో పది మొక్కల్లో ఎనిమిదింటికి కాండం మొదట్లోనే బుడిపెల గుత్తులు, చీలిస్తే గులాబీ. ఉత్త సున్నంలో అక్కడక్కడా ఒకటీ అరా. ఉత్త కల్చర్‌లో పూత వేసినా సగం మొక్కలకే, అవీ చిన్నవి. ఏమీ వేయనిదాంట్లో సున్నా.

ఒక విషయం. గేటు దగ్గర పడిన నాలుగు పట్టీలూ ఒకేలా పచ్చగా, ఎత్తుగా ఉన్నాయి. ఏమీ వేయనిదీ అంతే! దూరం నుంచి చూస్తే ఏది ఏదో తెలియదు. వేరు కడిగితే అన్నిట్లోనూ బుడిపెలు తక్కువ, సున్నం+కల్చర్‌లో కూడా. ప్రయోగం మొత్తం అక్కడే వేసుంటే "సున్నం, కల్చర్ దండగ" అని ఇక్కడికొచ్చి రాసి ఉండేవాణ్ణి.

ల్యాబ్_కిటికీ
పేడ, మూత్రం నత్రజని అది. నేలలో కావలసినంత ఉంటే మొక్క బుడిపెలు కట్టుకోదు. ఎంత బాగా చెప్పారండీ.

నాగలిచాలు
ఆ నాలుగు పట్టీల సంగతి చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను. నేను చూశానన్న మూడు వైఫల్యాలూ ఒక్కో మడిలో, ఒక్కోసారి చూసినవే. రేపు మా నేలలో 20 చోట్ల నమూనా తీస్తున్నాను.

దూడలగంట
సంతోషంలో ఒకటి మరవకండి. ఈ లేత లూసర్న్ మీదకు ఆకలితో ఉన్న పశువుల్ని మంచు ఆరకముందే వదిలారో, కడుపుబ్బరం ఖాయం. పొట్టలో గ్యాసు నురగగా మారి బయటికి రాదు. ఎడమ డొక్క డోలులా ఉబ్బుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. ముందు ఎండుగడ్డి పెట్టి, ఆకు ఆరాక, కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. మేతలో లూసర్న్ సగానికి మించకుండా గడ్డి కలిసే ఉండాలి. డొక్క ఉబ్బిందని అనుమానం వస్తే ఆగొద్దు, వెంటనే డాక్టరును పిలవండి.

పచ్చికబయలు
రాసుకున్నాను సార్. ఇంకా పశువుల్ని వదల్లేదు. మొదటి కోత తూకం వేస్తున్నాను, పట్టీకి మూడు చోట్ల మీటరు చదరంలో కోసి.

పాతమడి
పచ్చి బరువా, ఎండు బరువా?

పచ్చికబయలు
ఎండు బరువే. గడ్డి విడిగా, లూసర్న్ విడిగా ఏరి మరీ ఆరబెడుతున్నాను. వరండా నిండా కట్టలు, ప్రతి కట్టకూ చీటీ. 36 చోట్ల కోసినవాటిలో 21 ఆరాయి. మిగతావి ఆరగానే అంకెలన్నీ పెడతాను, గేటు దగ్గరవి కూడా.